ఏ చట్టం ముందొచ్చింది?

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభ కూడా అప్పుడే. సభకు మొదట ఇచ్చిన అనుమతిని అధికారులు వెనక్కి తీసుకున్నారు, 144 సెక్షన్ పెట్టారు. కొండల్లోని గూడేల నుంచి బయల్దేరిన వాళ్లలో ఎంతమందికి ఆ కబురు అంది ఉంటుంది? అయినా జనం వచ్చారు, పోలీసులు కాల్చారు. కాల్పుల్లో 13 మంది చనిపోయారని సర్కారు లెక్క. 60కి పైనే అన్నది హక్కుల సంఘాల మాట.

ఇంతకీ వాళ్లు అడగబోయింది కొత్తదేమీ కాదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందేనని 1/70 చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది స్వాధీనంలో ఉన్నవాడే. ఇంత పదునైన చట్టం దేశంలో అరుదు. అప్పటికి దానికి పదకొండేళ్లు, అయినా గోండులు భూమి కోసం సభ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కును 19వ అధికరణం ఇచ్చి అప్పటికే ముప్పై ఏళ్లు దాటింది. భూమినిచ్చే చట్టం పదకొండేళ్లలో నడవని దూరాన్ని, సభను ఆపే ఉత్తర్వు ఒక్క పూటలో నడిచింది.

పక్కనున్న కరీంనగర్‌లోనూ అదే వరస. వెట్టిని 23వ అధికరణం 1950లోనే నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టమూ వచ్చింది. దొరల గడీల్లో మాత్రం వెట్టి సాగింది. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీలు జగిత్యాలలో జైత్రయాత్ర తీశారు. అక్టోబరుకల్లా సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలైపోయాయి. అందుకు బీరువాలోంచి తీసింది 1948 నాటి చట్టం. అలాంటి చోట అయిదుగురు గుమిగూడొద్దన్న ఉత్తర్వును మీరితే, హెచ్చరించి, ప్రాణం పోయేలా కాల్చే అధికారం సబ్‌ఇన్‌స్పెక్టర్‌కూ ఉంటుంది. వెట్టి చేయించుకున్నన్నాళ్లూ ఆ ఊళ్లు కల్లోలితం కాలేదు, చెయ్యం అన్నాకే అయ్యాయి.

ఫ్రాన్సు న్యాయకోవిదుడు మాంటెస్క్యూ 1748లోనే చెప్పాడు: చట్టం ఒప్పుకున్నది చేయగలగడమే స్వేచ్ఛ, తోటివాడికి భయపడనక్కర్లేని నిశ్చింతే రాజకీయ స్వేచ్ఛ. మొదటి సగం మన అధికారులకు బాగా వంటబట్టింది. రెండో సగం దగ్గరే పేచీ. షావుకారుకు, దొరకు భయపడకుండా బతకడానికి చేసిన చట్టాలను అమలు చేయమని అడగడమే నేరమైతే, ఇక చట్టం ఒప్పుకున్నది ఏమిటో ఎవరు చెప్పాలి?

కాల్పుల్లో చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన ఇంద్రవెల్లి స్తూపాన్ని 1986లో పేల్చేశారు. మరుసటి ఏడు ప్రభుత్వమే మళ్లీ కట్టించింది. కట్టించిన ప్రభుత్వమే ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే అక్కడ 144 పెట్టింది. చనిపోయినవాళ్లకు దండం పెట్టుకోవడానికీ ఆంక్షలే!

అదే పనిగా 144 విధించడం అధికార దుర్వినియోగమని, ఉత్తర్వును బయటపెట్టి కారణాలు చూపాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో కాశ్మీరులోని ఆంక్షలపై వచ్చిన కేసులో తేల్చింది. 2024 జులై 1 నుంచి ఆ సెక్షన్ నంబరు 163. అధికారం మాత్రం పాతదే. మండల కేంద్రంలో మైకు పట్టుకుని సభ లేదు పొమ్మనే అధికారిని ఇక ఏ ఊరివాళ్లయినా ముందు అడగాల్సింది ఉత్తర్వు కాపీ. అందులో కారణం రాసి ఉందా, ఎన్నాళ్లకు విధించారు, ఎవరు సంతకం చేశారు?