అరకు చలిలో పాత డీజిల్ వ్యాన్ స్టార్ట్ కావట్లేదా? పల్లంలో దొర్లించి స్టార్ట్ చేసే ముందు ఇది తెలుసుకోండి!

డిసెంబరు, జనవరి వచ్చాయంటే అరకు, పాడేరు, లంబసింగి రోడ్లు టూరిస్టు బళ్లతో నిండిపోతాయి. కార్లు, బస్సుల మధ్య అప్పుడప్పుడూ ఇంకో రకం బండి కూడా కనిపిస్తుంది. పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, సీట్లు తీసేసి, లోపల మంచం, గ్యాస్ స్టవ్, నీళ్ల ట్యాంకు పెట్టించుకున్న సొంత క్యారవాన్. హోటల్ రూమ్ దొరక్కపోయినా టెన్షన్ లేదు. వంజంగి కొండ కింద రాత్రి పడుకుని, తెల్లారకముందే పైకెక్కి మేఘాలు చూసి రావచ్చు.

అసలు చిక్కు ఆ తర్వాతే. తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు మూలుగుతుంది, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. అప్పుడు గుంపులో ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు.. "ఎలాగూ పల్లమే కదా, బండిని వదిలేసి గేర్ వేద్దాం, అదే అందుకుంటుంది." మైదానంలో అయితే ఈ చిట్కా పనిచేస్తుంది. ఘాట్ రోడ్డు మీద మాత్రం ఇంతకంటే ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు. ఎందుకో తెలియాలంటే ముందు డీజిల్ ఇంజిన్‌కి చలి అంటే ఎందుకు పడదో చూడాలి.

ఇంజిన్‌కి చలెందుకు పడదు?

పెట్రోల్ ఇంజిన్‌లో మంట పుట్టించడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌లో అది ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కుతుంది, నొక్కిన గాలి విపరీతంగా వేడెక్కుతుంది, ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. ఇంతే సూత్రం. కానీ రాత్రంతా చలిలో నానిన ఇనుప ఇంజిన్ ఆ వేడిని లాగేసుకుంటుంది. దానికితోడు చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది. సెల్ఫ్ మెల్లగా తిరుగుతుంది. మెల్లగా నొక్కితే గాలి తగినంత వేడెక్కదు. తెల్ల పొగ అంటే మండకుండానే బయటికొచ్చిన డీజిల్ అన్నమాట.

చాలామంది "చలికి డీజిల్ గడ్డకట్టింది" అనుకుంటారు. అరకులో ఆ భయం దాదాపు అక్కర్లేదు. అది లడఖ్ లాంటి చోట్ల వచ్చే సమస్య. అక్కడి కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల్లోనూ గడ్డకట్టని వింటర్ డీజిల్ తెచ్చింది. మన ఏజెన్సీలో ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కి పడిపోతుంది నిజమే కానీ, ఆ చలికి ఇబ్బంది పడేది ట్యాంకులో డీజిల్ కాదు, ఇంజిన్‌లో గాలి.

హీటర్ ప్లగ్.. చిన్నదే కానీ!

ఇక్కడే హీటర్ ప్లగ్ పనికొస్తుంది. పెన్సిల్ ముక్కలా ఉండే ఈ ప్లగ్ ఒక్కో సిలిండర్‌కి ఒకటి ఉంటుంది. తాళం ఆన్ చేయగానే దాని కొన ఎర్రగా కాలి, లోపలి గాలికి కావాల్సిన వేడి అందిస్తుంది. 1987లో వచ్చిన బజాజ్ టెంపో ట్రావెలర్లలో (ఆ కంపెనీయే 2005 నుంచి ఫోర్స్ మోటార్స్) మెర్సిడెస్ డిజైన్ ఓఎం 616 ఇంజిన్ ఉండేది. ప్యూజో ఇంజిన్ ఉన్న పాత మహీంద్రా జీపులదీ ఇలాంటి సంగతే. వీటిలో డీజిల్ నేరుగా సిలిండర్‌లో పడదు, పక్కనున్న చిన్న గదిలో ముందు అంటుకుంటుంది. ఆ గది చల్లగా ఉంటే కష్టం. అందుకే ఈ ఇంజిన్లకి హీటర్ ప్లగ్ తప్పనిసరి. డైరెక్ట్ ఇంజెక్షన్ పాత ఇంజిన్లు చాలావాటికి ఇది లేకుండానే పని నడుస్తుంది. మీ బండిది ఏ ఇంజిన్ అన్నది ముందు తెలుసుకోండి. లేని ప్లగ్ కోసం వెతికే మెకానిక్‌లు కూడా ఉంటారు!

విశాఖలో తిరిగినంత కాలం నాలుగు ప్లగ్‌లలో రెండు కాలిపోయినా డ్రైవర్‌కి తెలియదు. అక్కడి వేడికి బండి మామూలుగానే అందుకుంటుంది. బయటపడేది అరకులోనే. డ్యాష్‌బోర్డ్ మీద చుట్టలా ఉండే పసుపు లైటు వెలిగి ఆరింది కదా, అంతా బాగానే ఉందనుకుంటే పొరపాటు. చాలా పాత బళ్లలో అది టైమర్ మాత్రమే, ప్లగ్ కాలిందా లేదా అన్నది అది చెప్పదు. ప్లగ్ వైరు తీసి, బ్యాటరీ పాజిటివ్ నుంచి టెస్ట్ ల్యాంప్ పెట్టి ప్లగ్ కొనకి తగిలిస్తే చాలు. ల్యాంప్ వెలగకపోతే ఆ ప్లగ్ పోయినట్టే. బయల్దేరే ముందు ఆటోనగర్‌లో పది నిమిషాల పని ఇది.

స్టార్ట్ చేసే పద్ధతి కూడా ముఖ్యమే. హెడ్‌లైట్లు, ఫ్యాను, ఇన్వర్టర్ అన్నీ ఆపాలి. పసుపు లైటు ఆరేదాకా ఆగాలి. సెల్ఫ్ పది, పదిహేను సెకన్లకి మించి కొట్టకూడదు. అందుకోకపోతే ఒక నిమిషం ఆగి, మళ్లీ హీటర్ పెట్టి కొట్టాలి. ఆగకుండా కొడితే ముందు బ్యాటరీ, తర్వాత సెల్ఫ్ మోటారు పోతాయి.

క్యారవాన్ చేయించుకున్నవాళ్లు తరచూ దెబ్బతినేది బ్యాటరీ దగ్గరే. ఫ్రిజ్, లైట్లు, ఫోన్ ఛార్జింగ్ అన్నీ రాత్రంతా ఇంజిన్ బ్యాటరీ నుంచే లాగితే, తెల్లారేసరికి సెల్ఫ్‌కి ఏమీ మిగలదు. లోపలి సామాన్లకి వేరే బ్యాటరీ ఉండాలి, రెండింటినీ విడదీసే ఐసోలేటర్ ఉండాలి. ఇంకో విషయం.. చలికి భయపడి ఇంజిన్ ఆన్‌లో ఉంచి, అద్దాలు మూసుకుని పడుకోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

స్ప్రే కొడితే ఏమవుతుంది?

షాపుల్లో దొరికే స్టార్టింగ్ స్ప్రేలో ఉండేది ఎక్కువగా ఈథర్. డీజిల్ కంటే చాలా తక్కువ వేడికే, 160-180 డిగ్రీల దగ్గరే అది అంటుకుంటుంది. హీటర్ ప్లగ్ ఎర్రగా కాలి ఉన్నప్పుడు ఎయిర్ ఫిల్టర్‌లో స్ప్రే కొడితే, పిస్టన్ పైకి రాకముందే లోపల పేలుతుంది. రింగులు విరగొచ్చు, పిస్టన్ పగలొచ్చు. హీటర్ ప్లగ్ ఉన్న ఇంజిన్‌కి ఈ స్ప్రే వద్దు. ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టడమూ అలాంటిదే. ఆయిల్ సంప్ కింద మంట పెట్టే వీరులూ ఉన్నారు, వాళ్ల గురించి చెప్పుకోకపోవడమే మంచిది.

జంప్ స్టార్ట్ చేయొచ్చు. కానీ ఘాట్‌లో సాయానికి ఆగేది తరచూ లారీయో బస్సో అయి ఉంటుంది. పెద్ద లారీలు, బస్సుల కరెంట్ 24 వోల్టులు, ట్రావెలర్ వ్యాన్‌ది 12. ఆ రెండూ కలిపితే వ్యాన్ వైరింగ్ కాలిపోతుంది. కారు లేదా జీపు దొరికితేనే కేబుల్ తీయండి. నెగటివ్ కేబుల్‌ని మీ బండి బ్యాటరీకి కాకుండా కాస్త దూరంగా ఇంజిన్ ఇనుముకి, అదీ అన్నిటికన్నా చివర్లో తగిలించాలి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ పడితే పేలే ప్రమాదం ఉంది.

దొర్లిస్తే బ్రేకులు ఎందుకు పడవు?

ఇక అసలు పాయింట్. డీజిల్ వ్యాన్‌లో బ్రేక్ పెడల్‌కి బలం ఇచ్చేది వాక్యూమ్. ఆ వాక్యూమ్‌ని తయారు చేసే పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగి ఉంటే బూస్టర్‌లో మిగిలేది ఒకటి రెండు తొక్కుళ్లకి సరిపడా, రాత్రంతా ఆగి ఉంటే అదీ ఉండకపోవచ్చు. పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బిగుసుకుంటుంది. తాళం తీసేసి ఉంటే స్టీరింగ్ లాక్ పడుతుంది. మూడు టన్నుల బండి, మంచు తడి రోడ్డు, ముందు హెయిర్‌పిన్ మలుపు.. గేర్ వేసినప్పుడు ఇంజిన్ అందుకోకపోతే ఆపడానికి చేతిలో ఏమీ ఉండదు.

అనంతగిరి ఘాట్ ఎలాంటిదో తెలియనిది కాదు. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర హైదరాబాద్ పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. ఈ దారిలో ఇంజిన్ ఆఫ్ చేసి న్యూట్రల్‌లో దిగి డీజిల్ మిగుల్చుకుందామనే ఆలోచన కూడా ఇదే కోవలోకి వస్తుంది. తప్పనిసరై తోయాల్సి వస్తే చదునైన చోట, తాళం ఆన్‌లో ఉంచి, సెకండ్ గేర్‌లో, మనుషులతో తోయించాలి. అలాంటి చోటు లేకపోతే మెకానిక్ వచ్చేదాకా ఆగాలి. దారిలో కొన్ని చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మెకానిక్ నంబర్ రాత్రే కనుక్కుని పెట్టుకోవడం నయం.

కమాన్ కట్టల సంగతేంటి?

స్టార్ట్ అయింది సరే. ఇప్పుడు దిగాలి. పాత ట్రావెలర్‌కి బరువు మోసేది కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. ప్యాసింజర్ బండిగా ఉన్నప్పుడు జనం ఎక్కుతారు, దిగుతారు. పట్టీలకి మధ్యలో విశ్రాంతి ఉండేది. క్యారవాన్‌లో మంచం దిగదు, ఫ్రిజ్ దిగదు. 200 లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే అదొక్కటే 200 కిలోలు. నీళ్లూ, బ్యాటరీలూ ఒకే పక్క ఉంటే ఆ పక్క పట్టీలు ముందు కుంగుతాయి. బండి ఒరుగుతుంది, మలుపుల్లో ఒకవైపుకి తూలుతుంది.

చూడటం కష్టమేం కాదు. చదునైన చోట ఆపి వెనక నుంచి చూడండి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుదాకా రెండు వైపులా టేపుతో కొలవండి. తేడా ఉంటే కారణం వెతకాలి. టార్చ్ వేసి పట్టీలను ఒక్కొక్కటిగా చూడండి. సన్నటి ఎర్రటి తుప్పు గీత అడ్డంగా కనిపిస్తే అది పగులు కావచ్చు. సెంటర్ బోల్ట్ చుట్టూ మరీ జాగ్రత్తగా చూడాలి. ఆ బోల్ట్ తెగితే యాక్సిల్ పక్కకి జరుగుతుంది, బండి ఎండ్రకాయలా వంకరగా నడుస్తుంది. షాక్ అబ్జార్బర్ ఆయిల్‌తో తడిసి ఉంటే అది పోయినట్టే. ఇంకో చిట్కా ఉంది. ఘాట్ ఎక్కి ఆపగానే నాలుగు షాక్ అబ్జార్బర్లనీ జాగ్రత్తగా తాకి చూడండి. పనిచేస్తున్నవి వెచ్చగా ఉంటాయి, చల్లగా ఉన్నది పనిచేయట్లేదు.

కుంగిన పట్టీలని కొలిమిలో దంచించి మళ్లీ వంపు పెట్టిస్తారు. ఖర్చు తక్కువే. కానీ ఉక్కుకి సరైన హీట్ ట్రీట్‌మెంట్ జరగకపోతే కొన్నాళ్లకే మళ్లీ కుంగుతుంది. అదనపు పట్టీ వేయించడం మరో మార్గం. బండి లేస్తుంది నిజమే, బ్రేకులు, టైర్లు, యాక్సిల్ మాత్రం పాతవే కదా? అవి మోయగలిగే బరువు పెరగదు. అందుకే ఏ పట్టీ వేయించాలో ఆలోచించే ముందు, ట్యాంకు నింపి, సామాను సర్ది, మనుషులతో సహా బండిని లారీ కాటా మీద తూకం వేయించాలి. ఆ లెక్క ఆర్‌సీలో ఉన్న స్థూల బరువు దాటితే తీయాల్సింది సామానే. పైగా బండి రూపం మార్చినప్పుడు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్టీఓ అనుమతి ఉండాలి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అడిగేది అదే.

కమాన్ కట్టలు విప్పి బిగించాక యూ బోల్ట్‌లు కొంత దూరం తిరిగాక వదులవుతాయి. కొత్తగా పని చేయించిన బండితో నేరుగా ఘాట్ ఎక్కకుండా, కింద ఎస్.కోట దాకా నడిపాక ఒకసారి ఆపి మళ్లీ బిగించి చూసుకోండి. నీళ్ల ట్యాంకు కూడా ఖాళీగానే ఎక్కండి, నీళ్లు అరకులో పట్టుకోవచ్చు. దిగేటప్పుడు మిగిలిన నీళ్లు పారబోసి, ఎక్కిన గేర్‌లోనే దిగండి.