బొచ్చుకుక్కా? వేటకుక్కా?

ఊరి చివర ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఒక తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు ఉంటారు. ఆమెకు తొమ్మిది మేకలున్నాయి. ఒక రాత్రి దొడ్లో నుంచి మేకపిల్ల పోయింది. నక్క పట్టిందో, కుక్కలు పట్టాయో తెలియలేదు. కాపలాకు కుక్కను పెంచాలి అనుకుంది.

పట్నం నుంచి అక్క వచ్చింది. "తెల్ల బొచ్చుకుక్కను తెచ్చుకోవే. పిల్లలు ఆడుకుంటారు" అంది.

"అది నా మేకల్ని కాస్తుందా అక్కా? గొర్ల కాపరి దగ్గర వేటకుక్క పిల్లలున్నాయంట. ఒకటి అడుగుతా" అంది చెల్లెలు.

ఎవరి మాట సరైనది? చూద్దాం.

చిన్న కుక్క

బొచ్చుకుక్కల్లో చిన్నరకం 5 నుంచి 7 కిలోల బరువుంటుంది. తిండి తక్కువ. ఇల్లు ఇరుకైనా సరిపోతుంది. చిన్న చప్పుడైనా మొరుగుతుంది. నిద్రపోయే వాళ్లను లేపుతుంది. కాని నక్క వస్తే ఎదిరించలేదు. దీనికి ఒత్తైన బొచ్చు. మన ఎండలకు రొప్పుతుంది. నీడ, చల్లటి నీళ్లు ఎప్పుడూ ఉండాలి. బొచ్చు రోజూ దువ్వాలి. లేకపోతే జడలు కడుతుంది, గోమార్లు పడతాయి.

వేటకుక్క

కర్ణాటకలో ముధోల్ అనే ఊరుంది. అక్కడి వేటకుక్కలకు మంచి పేరు. 2005లో మన తపాలా శాఖ ఆ కుక్క బొమ్మతో బిళ్ల కూడా వేసింది. సన్నటి నడుము, పొడుగు కాళ్లు. రెండడుగుల పైన ఎత్తు. బరువు 20 కిలోలు దాటుతుంది. తిండి చిన్నకుక్క కంటే మూడింతలు కావాలి.

ఇది ముక్కు కన్నా కంటిని నమ్ముతుంది. దూరాన ఏదైనా కదిలితే చాలు, తరుముతుంది. అది దాని పుట్టుక గుణం. కుందేలుకూ, మేకపిల్లకూ తేడా దానికదే తెలియదు. చిన్నప్పటి నుంచి మేకల మధ్య పెంచి నేర్పాలి. రోజూ పరుగెత్తే చోటుండాలి. పగలంతా గొలుసుతో కట్టేస్తే చిరాకు పడుతుంది. అలాంటి కుక్క కరవవచ్చు.

ఇంకో మాట. దీన్ని తీసుకుని కుందేళ్ల వేటకు, జింకల వేటకు పోకూడదు. 1972 చట్టం ప్రకారం అది నేరం.

ఏ కుక్కయినా ఇది తప్పదు

కుక్క చిన్నదైనా, పెద్దదైనా పిచ్చికుక్క రోగం రావచ్చు. దాన్నే రేబీస్ అంటారు. అది మనిషికి ముదిరితే బతకడం దాదాపు లేదు. కాని రాకుండా ఆపవచ్చు. కుక్కపిల్లకు మూడు నెలలప్పుడు పశువుల ఆసుపత్రిలో టీకా వేయించాలి. తరువాత డాక్టరు చెప్పినట్టు మళ్లీ మళ్లీ వేయించాలి. నులిపురుగుల మందు కూడా పట్టాలి.

కుక్క కరిస్తే వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. సున్నం, కారం, పసరు పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఇప్పుడు బొడ్డు చుట్టూ సూదులు పొడవరు. చేతికి వేస్తారు. చెప్పిన తేదీలన్నిటికీ పోవాలి. ఒక్కటి కూడా మానకూడదు. పెంపుడు కుక్కే కదా, చిన్న గాటే కదా అని ఊరుకోవద్దు.

చివరికి ఏం చేసింది?

అక్కాచెల్లెళ్లు కూర్చుని లెక్క వేసుకున్నారు. బొచ్చుకుక్క మేకల్ని కాయలేదు. వేటకుక్కకు తిండి పెట్టే స్థోమత లేదు. పగలంతా కూలికి పోయే ఇంట్లో దాన్ని పరుగెత్తించే వాళ్లూ లేరు.

"మరి ఎట్లా అక్కా?" అంది చెల్లెలు.

"ముందు దొడ్డి బాగుచెయ్యి. కుక్క ఉన్నా కంత ఉంటే నక్క దూరుతుంది" అంది అక్క.

ఇద్దరూ దొడ్డి చుట్టూ ముళ్లకంప గట్టిగా కట్టారు. తలుపుకు గొళ్లెం పెట్టించారు. తరువాత చెల్లెలు రెండు నెలలు నిండిన ఊరకుక్క పిల్లను తెచ్చుకుంది. మన ఎండకూ, మన తిండికీ అలవాటైన జాతి అది. మేకపిల్లల పక్కనే పడుకుని పెరుగుతోంది. నెల తిరగ్గానే దాన్ని చంకనెత్తుకుని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది. టీకా చీటీలో తేదీ తానే చదువుకుంది.

కుక్కను తెచ్చుకునే ముందు మీరూ అడుగుకోండి. ఎందుకు పెంచాలి? ఏం పెట్టగలం? ఎవరు చూసుకుంటారు? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏ కుక్క కావాలో మీకే తెలుస్తుంది.