పాత కారు గట్టిదా, కొత్త కారు గట్టిదా?

అంబాసిడర్ కారును మీలో ఎంతమంది చూశారు? ఏ పాత షెడ్డులోనో, ఏ కార్యాలయం ఆవరణలో చెట్టు కిందనో, కనీసం పాత సినిమాలోనైనా చూసే ఉంటారు. గుండ్రటి ముఖం, రెండు పెద్ద కళ్లలాంటి దీపాలు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, వాటి కింద తళతళలాడే ఉక్కు బంపరు. ఇంగ్లండులో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ రకం కారు దీనికి మూలం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ సంస్థ 1950ల చివర దీని తయారీ మొదలుపెట్టి, 2014లో ఆపింది. ఈ మధ్యకాలంలో గ్రిల్ మారింది, ఇంజను మారింది. ఆకారం మాత్రం దాదాపు అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు రోడ్డు మీద పోయే కొత్త కార్లను చూడండి. పేరు చదివితే తప్ప ఏది ఏ కంపెనీదో చెప్పడం కష్టం. ముక్కు కిందికి దిగి, అద్దం వెనక్కి వాలి, దీపాలు ఒంట్లో కలిసిపోయి, అన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. పెద్దవాళ్లు బంపరును వేలితో తట్టి, "ఇదేం బండిరా! ప్లాస్టిక్ డబ్బా. మా రోజుల్లో అంబాసిడర్ అంటే ఇనుప దిమ్మె" అంటూ ఉంటారు. ఆ మాటలో నిజమెంతో చూద్దాం.

ముందు ఆకారం సంగతి. ఎదురుగాలిలో సైకిలు తొక్కినప్పుడు గాలి మిమ్మల్ని వెనక్కి నెట్టడం తెలుస్తుంది కదా! కారునూ అలాగే నెడుతుంది. అయితే ఇందులో ఒక చిక్కుంది. కారు వేగం 50 కిలోమీటర్ల నుంచి 100కు పెరిగితే గాలి నిరోధం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఆ గాలిని తోసుకుంటూ పోవడానికి ఇంజను ఖర్చుపెట్టవలసిన సామర్థ్యమైతే ఏకంగా ఎనిమిది రెట్లు! నెమ్మదిగా పోయే రోజుల్లో ఉబ్బిన బుగ్గలున్నా, నిటారు అద్దమున్నా పెద్ద నష్టం కనిపించేది కాదు. వేగం పెరిగేకొద్దీ ఆ బుగ్గలు పెట్రోలు తాగేస్తాయి.

ఈ సంగతి ఇంజనీర్లకు కొత్తగా తెలిసిందేమీ కాదు. అమెరికాలో క్రైస్లర్ సంస్థ నమూనాలను గాలి సొరంగంలో పరీక్షించి, 1934లోనే 'ఎయిర్‌ఫ్లో' అనే నునుపైన కారు తెచ్చింది. పాపం, జనానికి దాని ముఖం నచ్చలేదు! 1937తో దాని కథ ముగిసింది. 1973లో పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగాక, గాలి లెక్కలను అందరూ మళ్లీ బయటికి తీశారు. ఒకే లెక్కను పదిమంది చేస్తే జవాబులు దగ్గరదగ్గరగానే వస్తాయి. కొత్త కార్ల ముఖాలు కలవడానికి ఒక పెద్ద కారణం ఇదే. అందం విషయంలో నన్నడిగితే నా ఓటు ఇప్పటికీ ఆ గుండ్రటి ముఖానికే. కాని లోపల కూర్చోవలసి వస్తే మాత్రం కొత్తదే ఎక్కుతాను. ఎందుకో చెబుతాను.

గంటకు 64 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 17.8 మీటర్లు. ఆ వేగంతో గోడను గుద్దుకోవడం 16 మీటర్ల ఎత్తు నుంచి, అంటే అయిదంతస్తుల మేడ మీద నుంచి, నేలమీద పడటంతో సమానం. ఇప్పుడు మీరు చదువుకున్న సూత్రమే వాడదాం. వేగం వర్గాన్ని, ఆగడానికి పట్టిన దూరానికి రెట్టింపుతో భాగించండి. మీ శరీరం 20 సెంటీమీటర్లలో, అంటే దాదాపు జానెడు దూరంలో, ఆగిపోయిందనుకోండి. రుణత్వరణం గురుత్వ త్వరణానికి 80 రెట్లు వస్తుంది. 40 కిలోల పిల్లవాడి మీద 3,200 కిలోల బరువు పడినట్టే! అదే 60 సెంటీమీటర్లలో ఆగితే 27 రెట్లే. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతారే, సరిగ్గా అదే కిటుకు.

అంటే ప్రాణం నిలవాలంటే కారు ముందుభాగం నలగాలి! బానెట్ మడతలు పడుతూ, ఆ దూరాన్ని మనకు సంపాదించిపెట్టాలి. అయితే అంతా నలిగితే మనమూ నలుగుతాం. అందుకే మనుషులు కూర్చునే గది మాత్రం గట్టిగా నిలబడాలి. ముందూ వెనకా మెత్తగా, నడుమ దృఢంగా ఉండాలన్న ఈ ఆలోచనకు మెర్సిడెస్ బెంజ్‌లో పనిచేసిన ఆస్ట్రియా ఇంజనీరు బేలా బారెన్యీ 1951లో పేటెంటు కోరాడు. 1959లో ఆ సంస్థ కార్లలో అది అమలులోకి వచ్చింది.

పాత కార్లలో ఈ తేడా లేదు. 2009లో అమెరికాలో బీమా సంస్థల రహదారి భద్రతా పరిశోధన కేంద్రం ఒక పరీక్ష చేసింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవర్లే మాలిబూను, చెరొకటి గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా, ముందుభాగాలు ఓ పక్కగా తగిలేటట్టు గుద్దించారు. పాతది కొత్తదానికన్నా పొడవైన, దిట్టంగా కనిపించే బండి. పందెం కాస్తే చాలామంది దాని మీదే కాస్తారు. కాని గుద్దుకున్నాక చూస్తే, దాని డ్రైవరు గది లోపలికి కుంగిపోయింది. ముందు అద్దం ఊడిపోయింది. డ్రైవరు స్థానంలో ఉన్న బొమ్మ తల స్టీరింగుకు కొట్టుకుంది. అక్కడ మనిషే ఉంటే బతికేవాడు కాదు. కొత్త కారు ముక్కు పూర్తిగా నుజ్జయింది. గది మాత్రం నిలిచింది. లోపలి బొమ్మ లెక్క ప్రకారం కాలికి స్వల్ప గాయం, అంతే.

ఇక్కడ ఇంకొక సంగతి. పాత కారులో సీటు బెల్టు లేదు. కారు ఆగినా మీరు ఆగరు. ఏదో ఒకటి మిమ్మల్ని ఆపేదాకా అదే వేగంతో పోతూనే ఉంటారు. న్యూటన్ మొదటి నియమం! భుజం మీదుగా, నడుం మీదుగా పట్టే మూడు బిందువుల బెల్టును వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించగా, 1959లో ఆ సంస్థ కార్లలో అమర్చింది. బెల్టు లేకుండా కూర్చుంటే, కారు ముక్కు నలిగి సంపాదించిన దూరమంతా మీకు అందకుండా పోతుంది. వెనక సీటులోనూ అంతే. అక్కడా బెల్టు పెట్టుకోవాలని మన చట్టం చెబుతోంది.

పాత బండి పక్షాన చెప్పవలసిందీ ఉంది. చిన్న దెబ్బకు ఆ ఉక్కు బంపరు చెక్కుచెదరదు; కొత్తదాని ప్లాస్టిక్ తొడుగు పగిలి, జేబుకు చిల్లు పెడుతుంది. ఇక దారిలో బండి ఆగిపోతే? చెట్టు కింద మెకానిక్ ప్లగ్గులు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, కార్బురేటర్ జెట్‌ను నోటితో ఊది, అరగంటలో కదిలించేవాడు. ఇప్పుడు బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. లోపమేమిటో కంప్యూటరును అడగాలి. ఇది ఊరికే తెచ్చిపెట్టుకున్న చిక్కు కాదు. పొగగొట్టంలోని ఉత్ప్రేరకం విషవాయువులను సరిగా శుభ్రం చేయాలంటే, ప్రతి గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి కలవాలి. కార్బురేటర్‌ది ఉజ్జాయింపు లెక్క. క్షణక్షణం కొలిచి కలపడం దానివల్ల కాదు.

కారు ముక్కు ఎందుకు నలగాలో మీరే చేసి చూడండి. మూడు పుస్తకాలు పేర్చి, వాటి మీద ఒక పలక ఏటవాలుగా పెట్టండి. ఆటబొమ్మ కారు పైన రబ్బరు ముక్క ఉంచి, పలక మీద నుంచి గోడకేసి వదలండి. రబ్బరు ఎంత దూరం ఎగిరి పడిందో స్కేలుతో కొలవండి. తరవాత కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి కారు ముందు అంటించి, మళ్లీ వదలండి. మడతలు అయిదైతే ఎంత, పదైతే ఎంత? పట్టిక రాయండి. కాగితం బదులు దళసరి అట్ట పెడితే ఏమవుతుందో ముందు ఊహించి రాసుకుని, అప్పుడు కారు వదలండి.