వస్తుసంచయ రుగ్మత – రచనాధారిత ఎక్స్‌పోజర్ చికిత్స: పరీక్షణ విధానం

ఉపోద్ఘాతం:
పాత పత్రికలు, చిరిగిన దుస్తులు, ఖాళీ డబ్బాలు వంటి వస్తువులను వాటి విలువతో నిమిత్తం లేకుండా కూడబెట్టి, వదులుకోలేకపోవడం వల్ల నివాసయోగ్యమైన గదులు సైతం నిరుపయోగమయ్యే మానసిక స్థితిని హోర్డింగ్ డిజార్డర్ అంటారు. దీనిని తెలుగులో వస్తుసంచయ రుగ్మత అనవచ్చు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డి.ఎస్.ఎం.-5లో దీనికి ప్రత్యేక రుగ్మతగా స్థానం లభించింది. ఈ రుగ్మతకు రచనాధారిత చికిత్స ఎందుకు అవసరమైందో, దాని ఫలితాన్ని ఎలా నిర్ధారించాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రచన ఆవశ్యకత:
ప్రస్తుతం ప్రధానంగా అనుసరిస్తున్న చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. దీనివల్ల లక్షణాలు తగ్గుతున్నా, చికిత్స ముగిశాక కూడా పలువురు రుగ్మత స్థాయికి చేరువలోనే ఉంటున్నారని టోలిన్ బృందం 2015లో చేసిన మెటా విశ్లేషణ తెలిపింది.
కుక్క అంటే భయపడే వ్యక్తి దాని సమీపంలో కొంతసేపు గడిపితే, అది కరవదని అక్కడికక్కడే గ్రహిస్తాడు. పాత రసీదును పారవేసిన వ్యక్తికి మాత్రం పదేళ్ల తరువాత దాని అవసరం పడుతుందో లేదో నేడు తెలిసే వీలు లేదు. అతని భయం భవిష్యత్తుకు సంబంధించినది. అందువల్ల ఆ భవిష్యత్తును ఊహలో ఎదుర్కోవలసి ఉంటుంది. ఉదాహరణకు, తండ్రి ఉత్తరాలను పారవేసిన తరువాత కలిగే పశ్చాత్తాపాన్ని, జ్ఞాపకం చెరిగిపోయిన వేదనను ఇప్పుడే జరుగుతున్నట్లు ఉత్తమ పురుషలో, ఏదీ దాటవేయకుండా, కొన్ని రోజులు వరుసగా రాయాలి. ఆ వేదన భరించదగినదేనన్న అనుభవం కలిగించడమే దీని లక్ష్యం.

పూర్వరంగం:
పెన్నెబేకర్, బీల్ 1986లో భావవ్యక్తీకరణ రచనపై ప్రయోగం చేశారు. స్లోన్, మార్క్స్ రూపొందించిన 5 విడతల రచనాచికిత్స గత ఆఘాతాల వల్ల కలిగే ఒత్తిడి రుగ్మతకు ఉద్దేశించినది. అందులో రచనావస్తువు జరిగిన సంఘటన. సంచయ రుగ్మతలోనైతే ఇంకా జరగని నష్టం. ఈ రుగ్మతలో రాతపూర్వక ఊహాత్మక ఎక్స్‌పోజర్‌పై స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2021లో ఒక కేస్ శ్రేణిని ప్రచురించారు.

పరీక్షలో పాటించవలసినవి:
1. కేస్ శ్రేణి ఆశను సూచించగలదు గాని కారణాన్ని నిరూపించలేదు. కనుక యాదృచ్ఛికంగా విభజించిన రెండో బృందం తటస్థ విషయంపై అంతే సమయం రాయాలి. అప్పుడే ఫలితం రాయడం వల్ల కలిగిందా, భయాన్ని ఎదుర్కోవడం వల్ల కలిగిందా అన్నది తేలుతుంది.
2. 23 ప్రశ్నల సేవింగ్ ఇన్వెంటరీ-రివైజ్డ్ రోగి స్వీయ నివేదనపై ఆధారపడుతుంది. దానికి తోడుగా గదుల స్థితిని ఛాయాచిత్రాలతో పోల్చే కొలమానం, వస్తువులను నిజంగా పారవేసే పరీక్ష కూడా అవసరం.
3. రాసిన కాగితాలు సైతం దాచుకునే వస్తువులుగా మారే ప్రమాదాన్ని గమనించాలి.
4. తెలుగువారిలో ఈ పరీక్ష చేపట్టేటప్పుడు ప్రశ్నావళి అనువాదం మాత్రమే చాలదు. పొదుపుగా దాచుకునే అలవాటును రుగ్మతగా లెక్కించకుండా జాగ్రత్త వహించాలి. రాయడం రానివారికి మౌఖిక కథనానికి అవకాశం ఉండాలి.

ముగింపు:
రాసేటప్పుడు ఆందోళన తగ్గడం తొలి సూచన మాత్రమే. రోగి తన వంటగదిలో తిరిగి వంట చేసుకోగలగడం, తన మంచంపై నిద్రించగలగడం ఈ చికిత్సకు అసలైన ప్రమాణాలు. కొలమానాలను ఆ దృష్టితో ఎంచుకున్న పరీక్షే రోగికి, అతని కుటుంబానికి ఉపకరిస్తుంది.