పదిమంది గుండ్రంగా కూర్చుంటే

పోయిన నెల మా తమ్ముడి కూతురు ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల ఒక సర్కారు కంపెనీలో అసిస్టెంటు. చెన్నైలో పదిహేను దినాలు మేనేజ్‌మెంట్ ట్రైనింగు, ముప్పై మంది బ్యాచ్, ఫలానా తేదీకి వచ్చి చేరాలని అందులో రాసి ఉండాది. పిల్ల అత్తగారికి ఇష్టం లేదు. "ఉద్యోగం వచ్చి ఆరేండ్లయింది, ఇంకా ఏం నేర్చుకోవాల? మూడేండ్ల బిడ్డను వదిలిపెట్టి ఎట్ల పోతావు?" అని అడిగిందంట. "నువ్వు చెప్పు పెదనాయనా, పోనా, వద్దా?" అని పిల్ల నన్ను అడిగింది.

నేను అయిదో క్లాసు చదివినవాణ్ణి. ఇంగ్లీషు కాగితం చూపించి అడిగితే నేనేం చెప్పేది? అయినా ఈ సంగతిలో నా కండ్లతో చూసింది ఒకటి ఉండాది. ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఏళాయిరంపన్నై, కోవిల్పట్టి, సాత్తూరు పక్కల మన ఇండ్ల పిల్లలు ఇప్పుడు బ్యాంకులో, కరెంటు ఆఫీసులో, బస్సు డిపోలో, రైల్వేలో ఉన్నారు. వాళ్ళకు కూడా ఇట్లాంటి కాగితం ఒకరోజు వస్తుంది.

నేను 33 ఏండ్లు నూలు మిల్లుల్లో పని చేసినాను. అగ్గిపెట్టెల పని మనకొద్దని మా నాయన నన్ను పద్దెనిమిదో ఏట మిల్లు బస్సు ఎక్కించినాడు. మొదట డాఫింగు, తరవాత సైడరు, కడాకు రింగ్ ఫ్రేమ్‌లో జాబరు. అందులో కొన్నేండ్లు సర్కారు చేతి కింద నడిచిన మిల్లులో ఉన్నాను. పేరు ఇప్పుడెందుకు.

మిల్లు చూడని చిన్నోళ్ళకు ఒక మాట చెప్పాల. రింగ్ ఫ్రేమ్‌లో దారం తెగితే సైడరు చేత్తో అతకాల. అతికే దాకా ఆ స్పిండిలు ఊరికే తిరుగుతుంది, దూది వేస్టుగా పోతుంది. ఒకటి రెండు తెగితే సరే. ఒకే సారి ఇరవై తెగితే మనిషికి రెండు చేతులు చాలవు.

1994 ఎండాకాలంలో మాకు అదే జరిగింది. పగలు షిఫ్టులో దారం తెగేది ఎక్కువయ్యింది. "కబుర్లు చెప్పుకుంటూ పని చూడడం లేదు" అని సైడర్లకు మెమోలు ఇచ్చినారు. ఇద్దరికి జీతం పట్టినారు. ఆ ఇద్దరిలో ఒకడు నా బావమరిది. ఆ నెల వాళ్ళింట్లో బియ్యం అప్పు తెచ్చుకున్నారు.

ఆ సమయంలోనే మా స్పిన్నింగ్ మాస్టరు ట్రైనింగుకు పోయి వచ్చినారు. వేరే వేరే సర్కారు కంపెనీల ఆఫీసర్లు ఒక బ్యాచ్‌గా నాలుగు వారాలు ఒకే హాస్టల్లో ఉండి నేర్చుకున్నారంట. వచ్చిన మూడో రోజు ఆయన క్యాంటీన్‌లో బల్లలు పక్కకు జరిపించి, కుర్చీలు గుండ్రంగా వేయించినారు. ఇద్దరు సైడర్లు, ఒక డాఫింగు పిల్లోడు, మేస్త్రీ, ఎలక్ట్రీషియను, నేను, ఆయన. "ఈరోజు కూటానికి పెద్ద నేను కాదు, ఇతను" అని ఎలక్ట్రీషియనును చూపించినారు. మాకు నవ్వు ఆగలేదు.

తప్పు ఎవరిదని ఆయన అడగలేదు. "దారం ఎక్కడ, ఏ టైములో తెగుతుంది?" అని మాత్రం అడిగినారు. డాఫింగు పిల్లోడు మెల్లగా చెప్పినాడు, "మధ్యాన్నం రెండు గంటల పైన సార్, కిటికీ పక్క ఫ్రేముల్లో." ఉక్క తట్టుకోలేక ఆ కిటికీలు మేమే తెరుస్తున్నామని సైడర్లు ఒప్పుకున్నారు. ఉక్క ఎందుకంటే, గాలిలో తేమ పెట్టే ప్లాంటులో నీళ్ళు చల్లే నాజిళ్ళు సగం ఉప్పు పట్టి అడ్డుకున్నాయని ఎలక్ట్రీషియను చెప్పినాడు. కరిసల్ కాడు మీద నుంచి వచ్చే వడగాలి పొడిగాలి. తేమ లేకపోతే దూది పోగు నిలవదు. ఇది మిల్లులో అందరికీ తెలిసిందే.

చూడండి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ముక్క ఉండాది. మెమో రాసిన చేతిలో ఒక్క ముక్క కూడా లేదు.

నాజిళ్ళు మా స్టోర్సులో లేవు. కొనాలంటే కాగితం పైకి పోయి కిందికి రావడానికి నెలలు పడుతుంది. మాస్టరు ట్రైనింగులో తన పక్క మంచం మీద పడుకున్న ఆయనకు ఫోను చేసినారు. ఆయన వేరే ఊరి మిల్లులో ఇంజనీరు. నాలుగో రోజు లారీలో ఒక పెట్టె బదులుగా వచ్చింది. పది దినాల్లో దారం తెగేది బాగా తగ్గింది. మెమోలు వాపసు తీసుకున్నారు. పట్టిన జీతం కూడా తిరిగి ఇచ్చినారు.

ఈ గుండ్రంగా కూర్చునే పద్ధతి ఎక్కడిదని ఒకనాడు ఆయన్ను అడిగినాను. ఆయన చెప్పింది, తరవాత నేను తెలుసుకుంది కలిపి చెప్తాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో ఇంగ్లాండులో హెన్లీ అనే ఊళ్ళో పెద్ద ఉద్యోగుల కోసం ఒక కాలేజీ పెట్టినారు. సర్కారు అధికారి, బ్యాంకు మనిషి, ఫ్యాక్టరీ మనిషి, అందరినీ కలిపి సుమారు పదిమందికి ఒక గుంపు చేసేది. దానికి సిండికేట్ అని పేరు. అయ్యవారి పాఠం తక్కువ. ఒక చిక్కు ఇస్తారు, గుంపు మాట్లాడి రిపోర్టు రాయాల. ఒకసారి ఒకరు పెద్ద, ఇంకోసారి ఇంకొకరు.

మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చినాక సర్కారే ఉక్కు, ఎరువులు, కరెంటు ఫ్యాక్టరీలు కట్టింది. ఫైలు తెలిసినవాళ్ళకు మిషను తెలియదు, మిషను తెలిసినవాళ్ళకు లెక్క తెలియదు. అందుకని హెన్లీ పద్ధతిలోనే 1956లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియాను పెట్టినారు. అది ఉండేది మన తెలుగు నేల మీద, హైదరాబాదులో. నిజాం పెద్ద కొడుకు బేరార్ యువరాజు కాపురమున్న బెల్లా విస్టా మహలే దాని ఇల్లు. 1957లో సైన్యాధిపతిగా రిటైరయిన జనరల్ శ్రీనాగేశ్ మొదటి ప్రిన్సిపాలు. సర్కారు ఆఫీసర్లూ కంపెనీల ఆఫీసర్లూ అక్కడ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

మన మిల్లు జాతికి దగ్గరి కథ ఇంకొకటి ఉండాది. 1953లో అహ్మదాబాదు కాలికో మిల్లులో ఎ.కె. రైస్ అనే ఇంగ్లాండు మనిషి ఆటోమేటిక్ మగ్గాల షెడ్డు చూసినాడు. మిషన్లు కొత్తవే, ఉత్పత్తి మాత్రం పెరగలేదు. ఒక్కొక్కడు ఒక్కొక్క ముక్క పని చేసి పోతున్నాడు, మగ్గం మొత్తానికి జవాబుదారీ ఎవరూ లేరు. చిన్న చిన్న గుంపులు చేసి, ఒక్కొక్క గుంపుకు కొన్ని మగ్గాలు అప్పగించినారు. గుంపులో ఎవరు ఉండాలనేది కార్మికులే తేల్చుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, చెడిపోయే గుడ్డ తగ్గింది.

కార్మికుల కోసం కూడా 1958లో కేంద్ర సర్కారు కార్మిక విద్యా బోర్డు పెట్టింది. నాగపూర్‌లో దాని పెద్ద ఆఫీసు ఉండేది. మనలాంటి కార్మికుల్లోంచే కొందరికి నేర్పించి, వాళ్ళ చేత తోటివాళ్ళకు పాఠం చెప్పించడం దాని పద్ధతి. మేనేజ్‌మెంట్ అనేది టై కట్టినోళ్ళ సొత్తు కాదని నేను చెప్పేది ఇందుకే.

ఇంక చేదు సంగతి. మా మాస్టరుకు రెండేండ్లలో ట్రాన్స్‌ఫరు వచ్చింది. తరవాత వచ్చిన ఆయన కుర్చీలు మళ్ళా వరుసగా వేయించినారు, కూటం నిలిచిపోయింది. నాజిళ్ళకు మళ్ళా ఉప్పు పట్టింది. కొన్నేండ్లకు మిల్లే నిలిచింది. కూటం ఉంటే మిల్లు బతికేదని నేను చెప్పను. పాత మిషన్లు, పత్తి ధర, కరెంటు, ఎన్నో కారణాలు. కానీ ఒకటి తెలిసింది. వంద మందిలో ఒక్కడు నేర్చుకొని వస్తే, ఆ నేర్చింది ఆయన పెట్టెతో పాటే ఊరు దాటి పోతుంది. పదిమంది నేర్చుకోవాల, కింది దాకా దిగాల.

ట్రైనింగులన్నీ మంచివని కూడా చెప్పను. టీ తాగి, ఫోటో దిగి, సర్టిఫికెట్టు గోడకు తగిలించేవాళ్ళను కూడా చూసినాను.

అందుకే మా పిల్లకు మూడు మాటలు చెప్పినాను. ఒకటి, పోయేటప్పుడు నీ ఆఫీసులో తీరని చిక్కు ఒకటి నోటులో రాసుకొని పో. అక్కడ గుంపులో దాన్నే అడుగు. రెండు, నీతో ఉండే ముప్పై మంది పేర్లు, నెంబర్లు భద్రంగా తెచ్చుకో. పాఠం మరచిపోవచ్చు, పక్క మంచం మనిషి మరచిపోదు. మూడు, వచ్చిన వారంలో నీ కింద పని చేసేవాళ్ళను కూర్చోపెట్టి అడుగు. ఆఫీసు ఊడ్చే అమ్మను కూడా పిలువు. మా మిల్లులో అసలు జవాబు చెప్పింది డాఫింగు పిల్లోడే.

తరవాత నేనే వాళ్ళింటికి పోయి ఆ అత్తగారితో మాట్లాడినాను. "వదినా, బిడ్డ పదిహేను దినాలు ఏడుస్తుంది, నిజమే. ఈ పిల్లను పంపకపోతే ఆ చోటుకు ఇంకొకరు పోతారు. రేపు ప్రమోషను వచ్చినప్పుడు ఏడ్చేది మనమే" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "పొద్దున బిడ్డకు నీళ్ళు పోసేది వాడు చేస్తే, మిగతాది నేను చూసుకుంటా" అని కొడుకు వైపు చూపించింది. అతను తల ఊపినాడు.

ఆదివారం రాత్రి కోవిల్పట్టిలో రైలు ఎక్కించి వచ్చినాము. మీ ఇంటికి కూడా ఇట్లాంటి కాగితం వస్తే, వద్దని చెప్పే ముందర ఇంట్లో అందరూ ఒకసారి గుండ్రంగా కూర్చొని మాట్లాడండి.