ఫ్లోరోసిస్ వ్యాధిగ్రస్తుల వెన్నెముక: సకాలంలో గుర్తిస్తేనే శస్త్రచికిత్స సఫలం
(ప్రత్యేక వ్యాసం)

ఫ్లోరైడ్ అధికంగా గల నీటిని ఏళ్ళ తరబడి త్రాగిన వారిలో పళ్ళు గారపట్టడం, కాళ్ళు వంకరపోవడం అందరికీ కనిపించే లక్షణాలు. అంతకన్నా తీవ్రమైన హాని కంటికి కనిపించకుండా వెన్నెముకలో జరుగుతుంది. గ్రామానికి సురక్షిత జలం చేరినంత మాత్రాన, అప్పటికే ఎముకలలో చేరిన ఫ్లోరైడ్ వెంటనే తొలగిపోదు. కావున నీటి సరఫరాతో పాటు, వెన్నుపాముపై ఒత్తిడి ఏర్పడుతున్న వారిని ముందుగా గుర్తించి ఆసుపత్రికి చేర్చడం కూడా అంతే ముఖ్యమైన బాధ్యత. ఈ విషయమై వైద్య పరిశోధనలు తెలియజేస్తున్న అంశాలను పాత్రికేయుల, అధికారుల సమాచారం నిమిత్తం ఈ వ్యాసంలో వివరించడమైనది.

తెలుగునేలపై పరిశోధనలు

మన దేశంలో మనుషుల ఎముకలకు సోకే ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యలోకం తొలిసారి గుర్తించినది తెలుగు ప్రాంతంలోనే. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని పరిశీలించి, ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రకటించారు. అనంతరం 1955లో సిద్దిఖీ నల్గొండ జిల్లాలోని వ్యాధి తీవ్రతను బ్రిటిష్ మెడికల్ జర్నల్ ద్వారా ప్రపంచానికి తెలియజేశారు. 1960 దశకం ఆరంభంలో పంజాబులో అమర్‌జీత్ సింగ్, జాలీ ప్రభృతులు ఈ వ్యాధి వలన నాడీమండలానికి కలిగే నష్టాన్ని సవివరంగా నమోదు చేశారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాలలో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం, ఎముకలు గుల్లబారడం గురించి 1973లో లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. హైదరాబాదులోని నిమ్స్ పూర్వ సంచాలకులు, నాడీ శస్త్రవైద్యులు డాక్టర్ డి.రాజారెడ్డి ఈ వ్యాధిలో వెన్నుపాము దెబ్బతినే తీరుపై దీర్ఘకాలం కృషి చేశారు.

వెన్నెముకలో జరిగే మార్పు

శరీరంలోకి చేరిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రం ద్వారా వెలువడగా, మిగిలినది ఎక్కువగా ఎముకలలో నిలువ ఉంటుంది. ఎముక మందమవుతుంది. దాని అంచుల వెంట ముళ్ళవంటి పెరుగుదలలు ఏర్పడతాయి. వెన్నుపూసలను కలిపి ఉంచే లిగమెంట్లు సహజంగా సాగే గుణం కలవి. అవి కూడా క్రమంగా ఎముకగా మారతాయి. తత్ఫలితంగా నడుము, మెడ వంగవు. వెన్నుపాము ప్రయాణించే నాళం ఇరుకవుతుంది. వెన్నుపాము, దాని నుండి వెలువడే నరాలు నలిగిపోయి, కాళ్ళలో తిమ్మిరి, బిగుసుకుపోవడం, నడక తడబడడం, చివరకు మలమూత్రాలపై అదుపు తప్పడం జరుగుతుంది.

గట్టి ఎముక బలమైన ఎముక కాదు

ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపించే ఎముక బలమైనదన్న భావన సరికాదు. ఇందుకు అమెరికాలోని మేయో క్లినిక్‌లో జరిగిన పరిశోధన ఉత్తమ నిదర్శనం. ఎముకలు గుల్లబారిన వృద్ధ మహిళలకు ఫ్లోరైడ్‌ను ఔషధంగా ఇస్తే మేలు కలుగుతుందేమోనన్న ఆశతో రిగ్స్, ఆయన సహచరులు 202 మంది మహిళలపై నాలుగేళ్ళపాటు అధ్యయనం జరిపి, 1990లో ఫలితాలను ప్రకటించారు. రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ తీసుకున్న వారిలో నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. అయినప్పటికీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. పైగా ఇతర ఎముకలు విరిగిన సంఘటనలు ఫ్లోరైడ్ తీసుకోని వర్గంలో 24 కాగా, తీసుకున్న వర్గంలో 72గా నమోదయ్యాయి. కావున ఫ్లోరైడ్ ప్రాంతాలలో ఎముక సాంద్రత పరీక్షలో అధిక అంకె వచ్చినంత మాత్రాన ఆరోగ్యానికి సూచనగా భావించరాదు.

శస్త్రచికిత్స - ప్రయోజనం, పరిమితులు

ఎముకగా మారిన లిగమెంటును కరిగించే మందు ఏదీ లేదు. వెన్నుపాముపై ఒత్తిడిని తొలగించుటకు లామినెక్టమీ అనే శస్త్రచికిత్స చేస్తారు. ఇందులో వెన్నుపూసకు వెనుకవైపు పైకప్పు వలె ఉండే భాగాన్ని తొలగించి, ఇరుకైన నాళాన్ని విశాలం చేస్తారు. ఫ్లోరోసిస్ రోగులలో ఈ శస్త్రచికిత్స కష్టతరమైనది. ఎముక రాయివలె ఉంటుంది. వెన్నుపామును కప్పి ఉంచే పొర ఎముకకు అతుక్కొని ఉండవచ్చు. మెడ కదలనందున మత్తుమందు ఇచ్చే వైద్యులు శ్వాసగొట్టం అమర్చడం కూడా క్లిష్టమే. పక్కటెముకల కీళ్ళు బిగుసుకుపోయిన వారికి శస్త్రచికిత్స అనంతరం శ్వాస సంబంధ ఇబ్బందులు తలెత్తే అవకాశముంది.

నడవగలుగుతూనే బలహీనత మొదలైన దశలో శస్త్రచికిత్స పొందిన వారికి మేలు జరిగే అవకాశం అధికం. ఏళ్ళ తరబడి మంచానికే పరిమితమైన వారిలో వెన్నుపాము శాశ్వతంగా దెబ్బతిని ఉంటుంది గనుక ఒత్తిడి తొలగించినా తిరిగి నడక వస్తుందని ఆశించలేము. శస్త్రచికిత్స పొందిన వ్యక్తి మరల అదే నీరు త్రాగినట్లయితే వ్యాధి కొనసాగుతుంది.

గ్రామస్థాయిలో గుర్తింపు

కేంద్ర ప్రభుత్వం 2008-09లో ప్రారంభించిన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమంలో, తొలి విడత జిల్లాలలో నెల్లూరు ఒకటి. పరికరాలేవీ అవసరం లేని మూడు పరీక్షలను ఈ కార్యక్రమం సూచిస్తున్నది. మోకాళ్ళు వంచకుండా వంగి నేలపైనున్న నాణేన్ని తీయగలగడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించగలగడం, చేతులు చాచి, మోచేతులు మడిచి తల వెనుక భాగాన్ని తాకగలగడం అనేవి ఆ మూడు. వీటిని చేయలేని వారికి ముంజేతి ఎక్స్‌రే, నీటి, మూత్ర పరీక్షలు వ్యాధి నిర్ధారణకు తోడ్పడతాయి. వీరిలో కాళ్ళు బిగుసుకుపోవడం, తడబాటు, మూత్రవిసర్జనలో మార్పు కనిపించిన వారిని జాప్యం లేకుండా ఎం.ఆర్.ఐ. సదుపాయం గల ఆసుపత్రికి పంపవలసి ఉంటుంది. వీటిని వృద్ధాప్య లక్షణాలుగా భావించి ఉపేక్షించడం వలన విలువైన సమయం వృథా అవుతుంది.

నీరే ప్రధాన ఔషధం

భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటివనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉన్నది. నీటిని మరిగించినందువలన ఫ్లోరైడ్ పోదు. ఆహారంలో తగినంత కాల్షియం లేనివారిలో వ్యాధి తీవ్రత పెరుగుతుంది. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన, పటిక, సున్నం వినియోగించే విధానానికి నల్గొండ పేరే పెట్టడం ఈ జిల్లా వాసుల బాధలకు గుర్తుగా నిలిచింది.

2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపంలోని కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. 2020లో కేంద్ర గణాంకాలలో తెలంగాణలోని ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసాల సంఖ్య సున్నాకు చేరింది. ఇది హర్షించదగిన విషయం. అయితే ఆ సున్నా నీటి వనరులకు సంబంధించినదే తప్ప, రోగులకు సంబంధించినది కాదు. పాత బోరునీరు త్రాగి పెరిగిన తరం నేటికీ ఆ గ్రామాలలోనే జీవిస్తున్నది. ప్రభావిత ఆవాసాల జాబితా ముగిసిన చోట, వ్యాధిగ్రస్తుల జాబితా మొదలు కావలసి ఉన్నది.