ఎక్స్‌రే బాగుందని బరిలో దిగొద్దు

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో కూతకు వెళ్లిన కుర్రాడు పట్టు తప్పించుకోబోయి గిరుక్కున తిరుగుతాడు. పాదం నేలకు పట్టేస్తుంది. మోకాలు మెలిపడి లోపల 'టప్‌'మంటుంది. గంటల్లోనే వాపు వస్తుంది. ఎక్స్‌రే తీయిస్తే ఎముక విరగలేదంటారు. కట్టు కట్టించుకుంటే నెల తిరిగేసరికి నడక వస్తుంది. నయమైందని మళ్లీ ఆడతాడు. అసలు నష్టం అప్పుడే జరుగుతుంది.

మోకాలి ఎముకలను పట్టి ఉంచే ముఖ్యమైన పట్టీలు నాలుగు. వీటినే లిగమెంట్లంటారు. పక్కల రెండు, మధ్యలో కత్తెరలా రెండు ఉంటాయి. ఎక్స్‌రేలో ఇవి కనబడవు. ఎముకల డాక్టరు కాలు లాగి చూసి గుర్తుపడతారు. ఎమ్మారై స్కానింగులో తేలుతుంది.

లోపలి పక్క పట్టీ తెగితే చాలామందికి ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది. మధ్యలోని ముందు పట్టీ పూర్తిగా తెగితే ఆ నమ్మకం లేదు. గట్టు దిగేటప్పుడు, పక్కకు తిరిగేటప్పుడు మోకాలు జారిపోతుంటుంది. అలా జారినప్పుడు ఎముకల మధ్య ఉండే మెత్తలు చిరుగుతాయి. చిన్న వయసులోనే కీళ్లు అరుగుతాయి.

1895లో ఇంగ్లండులోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ అనే సర్జన్ ఒక గని కార్మికుడి మోకాలిలో తెగిన పట్టీలను కుట్టారు. కుట్లు చాలామందిలో నిలవవని తర్వాత తేలింది. అందుకే ఇప్పుడు ఎక్కువగా రోగి తొడ వెనక నుంచో, మోకాలిచిప్ప కింద నుంచో నార తీసి కొత్త పట్టీగా వేస్తారు. చిన్న గాట్లలోంచి సన్నని గొట్టం కెమెరా పంపి, టీవీలో చూస్తూ ఎముకలకు రంధ్రాలు చేసి, నార దూర్చి బిగిస్తారు.

ఆపరేషన్‌తో సగం పనే అవుతుంది. వ్యాయామం మానితే కాలు బిగుసుకుపోతుంది. నార బలపడటానికి నెలలు పడుతుంది. తొమ్మిది నెలలైనా నిండకుండా ఆటకు దిగకూడదు.

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. ఆటలాడని వారికి, మోకాలు జారని వారికి తొడ కండరాలను బలపరిచే వ్యాయామాలు సరిపోవచ్చు. ఆటగాళ్లు, చెట్లెక్కేవారు, బరువులు మోసేవారు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

దెబ్బ తగలగానే ఆట ఆపాలి. గుడ్డలో చుట్టిన ఐసు 15-20 నిమిషాలు పెట్టాలి. కాలు ఎత్తులో ఉంచాలి. తైలంతో గట్టిగా మర్దన చేయకూడదు. పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. వాపు తీసినా మోకాలు జారుతుంటే ఎముకల డాక్టరుకు చూపించాలి.